గుండె దడ - ఆందోళన: అపాయం లేని దడతో జీవించడం

భాగం - 9

విషయ క్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 గుండె లయ
9.3 అకాల స్పందన: తప్పినట్లు అనిపించే దెబ్బ
9.4 దడకు కారణాలు, పరీక్షలు
9.5 ప్రమాద సూచనలు
9.6 దడ - భయం: విషవలయం
9.7 దడతో జీవించడం
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 ప్రగతి సమీక్ష - సమాధానాలు
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- గుండె దడ అంటే ఏమిటో, అకాల స్పందన ఎలా కలుగుతుందో వివరించగలుగుతారు.
- అపాయం లేని దడకు, వెంటనే వైద్యం అవసరమైన దడకు తేడా చెప్పగలుగుతారు.
- దడ, భయం ఒకదాన్నొకటి పెంచుకునే తీరును విశ్లేషించగలుగుతారు.
- దడ ఉన్నా చదువు, పని, కుటుంబ జీవితం కుంటుపడకుండా పాటించవలసిన పద్ధతులను సూచించగలుగుతారు.

9.1 పరిచయం

మామూలుగా మన గుండె కొట్టుకోవడం మనకు తెలియదు. అది తెలియడం మొదలైతే, అంటే వేగంగానో, బలంగానో, లయ తప్పినట్లుగానో కొట్టుకుంటున్నదని మనకే అనిపిస్తే, దాన్ని గుండె దడ అంటాం. దడ ఒక లక్షణం మాత్రమే, దానంతట అది వ్యాధి కాదు. పరుగెత్తినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, పరీక్ష హాలు గుమ్మం దగ్గర నిలబడినప్పుడు ఎవరికైనా దడ వస్తుంది.

తెలుగులో దడ అనే మాటకు గుండె వేగంగా కొట్టుకోవడం అనే అర్థంతోపాటు భయం అనే అర్థం కూడా ఉంది. 'దడ పుట్టింది', 'గుండె ఝల్లుమంది', 'గుండె జారిపోయింది' అని భయాన్ని గుండె మీద పెట్టి చెబుతాం. ధైర్యాన్ని గుండె దిటవు అంటాం. శరీరంలో కూడా ఈ రెండింటికీ దగ్గర సంబంధం ఉంది. భయం దడను పుట్టిస్తుంది, దడ భయాన్ని పుట్టిస్తుంది. పరీక్షలన్నీ చేసి 'మీ గుండె బాగుంది' అని వైద్యులు చెప్పిన తరవాత కూడా చాలామంది నెలల తరబడి బాధపడటానికి ఈ రెండో సంబంధమే కారణం. దాన్ని అర్థం చేసుకోవడం ఈ భాగం ముఖ్యోద్దేశం.

9.2 గుండె లయ

గుండెలో పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు ఉంటాయి. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న సిరాకర్ణికా కణుపు నుంచి క్రమం తప్పకుండా విద్యుత్ ప్రేరణలు పుడతాయి. ఈ కణుపును 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. అంతకు ముందు ఏడాది, 1906లో, జపాన్ శాస్త్రజ్ఞుడు సునావో తవారా కర్ణికలకు, జఠరికలకు మధ్య ఉన్న కణుపును వివరించాడు. ప్రేరణ మొదటి కణుపులో పుట్టి, కర్ణికలను సంకోచింపజేసి, రెండో కణుపు గుండా జఠరికలకు చేరుతుంది. జఠరికలు సంకోచించినప్పుడు రక్తం ధమనుల్లోకి వెళుతుంది. మణికట్టు దగ్గర మనకు తగిలే నాడి ఇదే.

విశ్రాంతిగా ఉన్న వయోజనుల గుండె సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి 70 చొప్పున లెక్కవేస్తే రోజుకు 1,00,800 సార్లు. అంటే దాదాపు లక్ష స్పందనలు. ఈ అంకెను గుర్తుంచుకోండి. రోజుకు పదో వందో స్పందనలు వేళ తప్పి వచ్చాయంటే, ఎన్నింటిలో అన్ని వచ్చాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

గుండె గడియారంలాగా ఒకే వేగంతో నడవదు. సహానుభూత నాడీ వ్యవస్థ, అడ్రినలిన్ దాని వేగాన్ని పెంచుతాయి. వేగస్ నాడి తగ్గిస్తుంది. గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగంగా, వదిలినప్పుడు కొద్దిగా నెమ్మదిగా కొట్టుకోవడం కూడా సహజమే. యువతలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. లయలో వచ్చే ప్రతి చిన్న మార్పూ దోషం కాదు.

9.3 అకాల స్పందన: తప్పినట్లు అనిపించే దెబ్బ

'గుండె ఒక్క క్షణం ఆగి, తరవాత ఠప్పున కొట్టుకుంది' అని చాలామంది చెబుతారు. దీనికి ఎక్కువగా కారణం అకాల స్పందన. వైద్యులు దీన్ని ఎక్టోపిక్ బీట్ అంటారు. ఇది ఎలా వస్తుందో వరుసగా చూద్దాం.

(అ) సిరాకర్ణికా కణుపు నుంచి ప్రేరణ రాకముందే కర్ణికలోనో జఠరికలోనో మరొక చోట ప్రేరణ పుడుతుంది. గుండె ఒక దెబ్బ ముందుగా కొట్టుకుంటుంది.
(ఆ) అప్పటికి జఠరికలోకి రక్తం పూర్తిగా చేరలేదు కాబట్టి ఈ దెబ్బ బలహీనంగా ఉంటుంది. ఒక్కోసారి మణికట్టు దగ్గర నాడి అందదు.
(ఇ) దాని తరవాత మామూలుకన్నా కొంచెం ఎక్కువ విరామం వస్తుంది. 'ఆగింది' అని మనకు అనిపించేది ఇదే.
(ఈ) ఆ విరామంలో జఠరికలోకి ఎక్కువ రక్తం చేరుతుంది. అందువల్ల తరవాతి దెబ్బ బలంగా ఉంటుంది. మనకు ఠప్పున తగిలేది ఈ దెబ్బే, ఇది సాధారణ స్పందన.

కాబట్టి మణికట్టు పట్టుకుని 'ఒక దెబ్బ తప్పింది' అనుకున్నప్పుడు నిజానికి గుండె కొట్టుకోవడం మానలేదు. ఒకటి ముందుగా కొట్టుకుంది. మనం భయపడే బలమైన దెబ్బ, గుండె తన లయకు తిరిగి వచ్చిందనడానికి గుర్తు.

అమెరికా శాస్త్రజ్ఞుడు నార్మన్ హోల్టర్ రూపొందించిన, ఒంటికి తగిలించుకుని తిరిగే ఇ.సి.జి. పరికరం 1960లలో వాడుకలోకి వచ్చింది. రోజంతా గుండె లయను నమోదు చేయడం అప్పటి నుంచి వీలైంది. ఏ జబ్బూ లేనివారిలో కూడా అకాల స్పందనలు సర్వసాధారణమని దీనివల్ల తెలిసింది. వారిలో చాలామందికి అవి వస్తున్నట్లే తెలియదు. 1985లో హెరాల్డ్ కెనడీ బృందం ప్రచురించిన అధ్యయనంలో, జఠరికల నుంచి తరచుగా అకాల స్పందనలు వస్తున్నా ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న 73 మందిని సగటున ఆరున్నర సంవత్సరాలు గమనించారు. ఆరోగ్యవంతులైన సాధారణ జనంతో పోలిస్తే వారిలో మరణాలు ఎక్కువగా లేవని తేలింది.

దడ రాత్రి పడుకున్నాక, ముఖ్యంగా ఎడమ వైపు తిరిగి పడుకున్నప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. అప్పుడు గుండె ఛాతీ గోడకు దగ్గరగా ఉంటుంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటుంది. మనసును మరల్చే పని ఉండదు. రాత్రి తెలిసినంత మాత్రాన జబ్బు రాత్రి ముదురుతున్నదని కాదు.

ప్రగతి సమీక్ష - 1
గమనిక: మీ సమాధానాలను 9.10లో ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూసుకోండి.
1. అకాల స్పందన తరవాతి దెబ్బ ఎందుకు బలంగా ఉంటుంది?
2. దడ రాత్రి పూట ఎందుకు ఎక్కువగా తెలుస్తుంది?

9.4 దడకు కారణాలు, పరీక్షలు

'అపాయం లేని దడ' అని మనంతట మనం నిర్ణయించుకోకూడదు. ఒకసారి సరైన పరీక్ష జరగాలి. దడకు గుండెకు బయట ఉండే కారణాలు చాలా ఉన్నాయి:

రక్తహీనత: రక్తంలో హీమోగ్లోబిన్ తగ్గితే అవయవాలకు ఆక్సిజన్ అందించడానికి గుండె వేగంగా పనిచేయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి దడతో వచ్చిన స్త్రీకి 'టెన్షన్ వల్లే' అని చెప్పేముందు హీమోగ్లోబిన్ చూడటం తప్పనిసరి.
థైరాయిడ్: థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం, చెమటలు కనిపిస్తాయి.
ఇతర కారణాలు: జ్వరం, వేసవిలో ఒంట్లో నీరు తగ్గడం, గర్భం, విరేచనాల వల్ల పొటాషియం తగ్గడం, నిద్రలేమి, పొగాకు, మద్యం, ఎనర్జీ డ్రింకులు, ఉబ్బసానికి వాడే కొన్ని మందులు, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మాత్రలు.

వైద్యులు మొదట వివరాలు అడుగుతారు, నాడి, రక్తపోటు చూస్తారు, గుండె శబ్దాలు వింటారు, ఇ.సి.జి. తీస్తారు. రక్తపరీక్షలు చేయిస్తారు. అవసరమైతే గుండె నిర్మాణం చూడటానికి ఎకో, రోజంతా లయ నమోదుకు హోల్టర్ సూచిస్తారు. వెళ్లేముందు ఒక కాగితం మీద దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, హఠాత్తుగా మొదలైందా మెల్లగా పెరిగిందా, ఆ సమయంలో ఏం చేస్తున్నారు, ఏ మందులు వాడుతున్నారు అనే వివరాలు రాసుకుని వెళితే వైద్యుని పని సులువవుతుంది.

గుండె నిర్మాణం బాగుండి, ఇ.సి.జి.లో ఇతర దోషాలు లేకుండా, కింది ప్రమాద సూచనలేవీ కనిపించకపోతే అప్పుడప్పుడు వచ్చే అకాల స్పందనలను అపాయం లేనివిగా పరిగణిస్తారు. అయితే రోజు మొత్తం స్పందనల్లో పదో వంతో అంతకన్నా ఎక్కువో జఠరికల అకాల స్పందనలే అయితే, కొంతమందిలో కాలక్రమాన గుండె కండరం బలహీనపడవచ్చు. అలాంటివారిని వైద్యులు క్రమం తప్పకుండా చూస్తూ ఉంటారు.

9.5 ప్రమాద సూచనలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకూడదు:
- దడతోపాటు స్పృహ తప్పడం, లేదా తప్పబోయినట్లు కళ్లు చీకట్లు కమ్మడం
- ఛాతీలో నొప్పి, బరువు, బిగింపు. అది చేతికో దవడకో పాకడం
- విశ్రాంతిగా ఉన్నా ఆయాసం
- పరుగు, ఆట, బరువు పని చేస్తున్నప్పుడే దడ రావడం
- హఠాత్తుగా మొదలై, చాలా వేగంగా కొట్టుకుంటూ, తగ్గకుండా ఉండటం
- నాడి ఒక క్రమమంటూ లేకుండా నడవడం
- ఇంతకుముందే గుండె జబ్బు ఉండటం, చిన్నతనంలో కీళ్ల వాతంతో గుండె కవాటాలు దెబ్బతినడం
- దగ్గరి రక్తసంబంధీకులు 40 ఏళ్లలోపే హఠాత్తుగా మరణించడం

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా 108కి ఫోన్ చేయాలి. మన ఊళ్లలో ఛాతీ బరువును 'గ్యాస్ పట్టింది' అని సోడా తాగి పడుకోవడం, నీరసమని సెలైన్ ఎక్కించుకోవడం తరచుగా చూస్తాం. అపాయం లేనిదానికి భయపడటం ఒక పొరపాటైతే, అపాయం ఉన్నదాన్ని గ్యాస్ అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

9.6 దడ - భయం: విషవలయం

ఈ సమస్య కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైనికులకు చికిత్స చేసిన జేకబ్ డా కోస్టా అనే వైద్యుడు, దడ, ఛాతీ నొప్పి, అలసటతో బాధపడుతున్నా గుండెలో చెప్పుకోదగిన జబ్బు కనిపించని సైనికుల గురించి 1871లో రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటి వారినే 'సైనికుని గుండె' ఉన్నవారని పిలిచారు. 1941లో బ్రిటిష్ హృద్రోగ నిపుణుడు పాల్ వుడ్, దీని మూలం గుండెలో కాక ఆందోళనలో ఉందని వాదించాడు. ఆ సైనికుల బాధ నటన కాదు. బాధ నిజమే, దాని మూలాన్ని వెతికిన చోటే వేరు.

భయం గుండెను ఎలా తాకుతుందో వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఎదురుగా పులి ఉంటే ఇది ప్రాణం కాపాడుతుంది. కానీ మనం భయపడేది గుండెకే అయితే, ఆ భయం గుండెనే ఇంకా వేగంగా కొట్టిస్తుంది. శరీరంలో కలిగే మామూలు మార్పును 'ముంచుకొస్తున్న ఆపద'గా అర్థం చేసుకోవడమే తీవ్ర భయాందోళనకు మూలమని డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించాడు. నేటి మానసిక చికిత్సకు ఈ ప్రతిపాదన ఒక ముఖ్య ఆధారం.

ఉదాహరణ: పగలు బట్టల దుకాణంలో పనిచేస్తూ, రాత్రి డిగ్రీ చదువుకునే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. నిద్ర నాలుగు గంటలకు తగ్గింది, టీ అయిదు కప్పులకు పెరిగింది. ఒక రాత్రి పడుకోగానే గుండె ఠప్పుమంది. రెండేళ్ల కిందట తండ్రికి గుండెపోటు వచ్చింది కాబట్టి 'నాకూ అదే' అనుకుంది. చెయ్యి మణికట్టు మీదికి వెళ్లింది. దడ పెరిగింది. ఊపిరి వేగంగా పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కాయి, తల తిరిగింది. 'పక్షవాతం కూడా వస్తున్నది' అనుకుంది. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఇ.సి.జి. బాగుంది, తరవాత చేసిన ఎకో, రక్తపరీక్షలు బాగున్నాయి. రెండు రోజులు ధైర్యంగా ఉంది. మూడో రోజు మళ్లీ ఒక దెబ్బ. 'పరీక్ష చేసినప్పుడు రాలేదు కాబట్టి పట్టుకోలేకపోయారేమో' అనే అనుమానం మొదలైంది. మెట్లెక్కడం మానేసింది. ఆసుపత్రికి దూరమవుతానని ఆదివారం సంపర్క తరగతులకు బస్సెక్కడం మానేసింది. ఇక మిగిలింది పరీక్ష ఫీజు కట్టాలా వద్దా అన్న ప్రశ్న.

ఆమె చదువును ఆపబోయింది అకాల స్పందన కాదు. దానిచుట్టూ అల్లుకున్న మూడు అలవాట్లు. ఒకటి, నిఘా: రోజుకు అనేకసార్లు నాడి చూసుకోవడం. వెతికేవారికి దొరుకుతుంది కాబట్టి నిఘా పెరిగేకొద్దీ దెబ్బలు ఎక్కువగా తెలుస్తాయి. రెండు, భరోసా కోసం తిరగడం: ఒక వైద్యుని తరవాత ఇంకొకరు, ఫోనులో వెతుకులాట. ప్రతి భరోసా కొద్ది గంటలకో రోజులకో కరిగిపోతుంది. మూడు, తప్పించుకోవడం: మెట్లు మానినందువల్లే బతికానని మనసు నమ్ముతుంది. మెట్లెక్కినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం పోతుంది.

ప్రగతి సమీక్ష - 2
1. తరచుగా నాడి చూసుకోవడం దడను ఎందుకు ఎక్కువగా తెలిసేలా చేస్తుంది?
2. తప్పించుకోవడం వల్ల భయం ఎందుకు తగ్గదు?

9.7 దడతో జీవించడం

దడ పూర్తిగా పోవాలని పంతం పట్టడం కంటే, వచ్చినా మన పని ఆగకుండా చూసుకోవడం సాధ్యమైన లక్ష్యం. భయం తగ్గేకొద్దీ చాలామందిలో దడ తెలియడం కూడా తగ్గుతుంది.

1. పేరు పెట్టడం: దెబ్బ తగిలినప్పుడు 'ఇది అకాల స్పందన, పరీక్ష చేయించాను, కాసేపట్లో సర్దుకుంటుంది' అని చెప్పుకుని, చేస్తున్న పనిని కొనసాగించాలి. 'రాకూడదు, రాకూడదు' అనుకుంటే నిఘా మళ్లీ మొదలవుతుంది.

2. నాడి చూసుకోవడం తగ్గించడం: రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటున్నారో ఒక వారం లెక్క రాయండి. తరవాత, చూడాలనిపించిన ప్రతిసారీ 15 నిమిషాలు వాయిదా వేయండి. చాలాసార్లు ఆ సమయం గడిచేసరికి కోరిక తగ్గుతుంది. గుండె వేగం చూపే చేతి గడియారం ఉంటే కొన్నాళ్లు తీసి పక్కన పెట్టండి.

3. నెమ్మదిగా ఊపిరి: నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఇలా నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. దీన్ని రోజూ పది నిమిషాలు, దడ లేనప్పుడు సాధన చేయాలి. ఈత నేర్చుకోవలసింది వరద వచ్చినప్పుడు కాదు కదా.

4. మళ్లీ కదలడం: వైద్యులు అనుమతించిన తరవాత మొదటి వారం ఒక అంతస్తు, తరవాత రెండు అంతస్తులు మెట్లెక్కండి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆగితే తనంతట తాను నెమ్మదిస్తుంది. ఈ సంగతి వంద మాటల కన్నా ఒంటికి బాగా నచ్చజెబుతుంది. మానేసిన బస్సు ప్రయాణాన్నీ ఇలాగే అంచెలంచెలుగా మొదలుపెట్టాలి.

5. నిద్ర, టీ, కాఫీ: పరీక్షల ముందు నిద్ర తగ్గించి టీతో నెట్టుకురావడం దడకు తగిన నేల తయారు చేస్తుంది. కాఫీ ప్రభావం అందరిలో ఒకేలా ఉండదు. 2023లో అమెరికాలో 100 మందిపై ప్రచురించిన అధ్యయనంలో కాఫీ తాగిన రోజుల్లో కర్ణికల అకాల స్పందనలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. జఠరికలవి మాత్రం కొంత పెరిగాయి, నిద్ర తగ్గింది. రెండు వారాలు మానేసి చూసి, తేడా ఉంటేనే మానండి. పొగాకు మాత్రం తేడాతో పనిలేకుండా మానవలసిందే.

6. మందులు: 'దెబ్బలు పూర్తిగా ఆగిపోయే మాత్ర రాయండి' అని అడగడం సహజం. 1989లో వెలువడిన ఒక పెద్ద అమెరికా పరిశోధన ఫలితాలు ఇక్కడ గుర్తుంచుకోవాలి. గుండెపోటు వచ్చినవారికి అకాల స్పందనలను అణచే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ఇచ్చారు. స్పందనలు తగ్గాయి, కానీ మరణాలు పెరిగాయి. అప్పటి నుంచి వైద్యులు ఇ.సి.జి.ని శుభ్రం చేయడానికే మందు రాయడం మానుకున్నారు. బాధ ఎక్కువగా ఉంటే బీటా బ్లాకర్ రకం మందులు కొందరికి ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ విషయం ముందే చెప్పాలి. ఆందోళన ఎక్కువైతే మానసిక వైద్యులు తగిన మందులు సూచిస్తారు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం అలవాటుకు దారి తీస్తుంది.

7. సహాయం కోరడం: ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స ఈ రకమైన భయానికి బాగా పనిచేస్తుంది. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కుటుంబసభ్యుల పాత్ర: 'ఏమీ లేదు, ఊరికే భయపడతావు' అనే మాట బాధను అబద్ధం చేస్తుంది. ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తడం భయాన్ని నిజం చేస్తుంది. 'నీకు కష్టంగా ఉందని తెలుసు. డాక్టరు చెప్పింది గుర్తుందిగా, కాసేపు కలిసి నడుద్దాం' అనడం ఈ రెండింటికీ మధ్య దారి.

మళ్లీ ఎప్పుడు వైద్యుని కలవాలి? 9.5లో చెప్పిన సూచన ఏదైనా కొత్తగా కనిపించినప్పుడు, దడ తీరు మారినప్పుడు, లేదా వైద్యులు చెప్పిన తేదీకి. అంతకు మించి అనుమానం వచ్చినప్పుడల్లా పరీక్షలు చేయించుకోనవసరం లేదు. ఉదాహరణలోని విద్యార్థినికి కూడా ఇదే వర్తిస్తుంది. తండ్రికి పెద్ద వయసులో వచ్చిన గుండెపోటుకు, ఆమె అకాల స్పందనకు కారణాలు వేరు. కుటుంబ చరిత్ర దృష్ట్యా రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుంటూ ఉండటం మంచిదే. పరీక్ష ఫీజు కట్టకుండా ఉండటానికి మాత్రం అది కారణం కాదు.

9.8 సారాంశం

గుండె దడ ఒక లక్షణం. 'తప్పినట్లు' అనిపించే దెబ్బ ఎక్కువగా ముందుగా వచ్చిన దెబ్బ, దాని వెంట విరామం, ఆ తరవాత బలమైన సాధారణ స్పందన. రక్తహీనత, థైరాయిడ్ వంటి కారణాలను, ప్రమాద సూచనలను ఒకసారి సక్రమంగా పరీక్షించుకోవాలి. అపాయం లేదని తేలాక మిగిలేది దడ - భయం వలయం. నిఘా, భరోసా కోసం తిరగడం, తప్పించుకోవడం దాన్ని నడిపిస్తాయి. వాటిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటే దడ ఉన్నా చదువు, పని సాగుతాయి.

9.9 కీలక పదాలు

అకాల స్పందన: సిరాకర్ణికా కణుపు ప్రేరణకన్నా ముందుగా, మరొక చోట నుంచి వచ్చే గుండె స్పందన.
హోల్టర్: ఒంటికి తగిలించుకుని తిరుగుతూ, సాధారణంగా 24 గంటలపాటు గుండె లయను నమోదు చేసే పరికరం.
విషవలయం: ఒకదాని ఫలితం మళ్లీ దాని కారణాన్నే బలపరుస్తూ సాగే క్రమం.

9.10 ప్రగతి సమీక్ష - సమాధానాలు

ప్రగతి సమీక్ష - 1
1. అకాల స్పందన తరవాతి విరామంలో జఠరికలోకి ఎక్కువ రక్తం చేరడం వల్ల.
2. నిశ్శబ్దం, మనసును మరల్చే పని లేకపోవడం, ఎడమ వైపు పడుకున్నప్పుడు గుండె ఛాతీ గోడకు దగ్గరగా ఉండటం వల్ల.

ప్రగతి సమీక్ష - 2
1. ధ్యాస అంతా గుండె మీదే ఉండటం వల్ల మామూలుగా తెలియని స్పందనలు కూడా తెలుస్తాయి. భయంతో విడుదలయ్యే అడ్రినలిన్ గుండె వేగాన్ని ఇంకా పెంచుతుంది.
2. భయపడిన పని చేసినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం పోతుంది కాబట్టి.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. దడ - భయం విషవలయాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
2. అపాయం లేని దడతో జీవించడానికి పాటించవలసిన పద్ధతులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అకాల స్పందన కలిగే క్రమాన్ని తెలపండి.
2. దడలో ప్రమాద సూచనలను పేర్కొనండి.
3. మీ కుటుంబంలో ఒకరు దడతో భయపడుతున్నారు. వైద్య పరీక్షలన్నీ బాగున్నాయి. వారితో మీరు ఎలా మాట్లాడతారు?